పెన్షన్ పుట్టకముందు చేసిన పనికి డబ్బెవరిది?

నిన్నటిదాకా లేని పెన్షన్ ఫండ్ ఇవాళ మొదలైందనుకోండి. ఇకనుంచి ఒక్కో కార్మికుడి పేరు మీద యాజమాన్యం వారానికి ఇంత అని ఫండ్‌లో వేస్తుంది, రిటైరయ్యాక అందులోంచి నెలనెలా పెన్షన్ వస్తుంది. పాతికేళ్ల కుర్రాడికి ఏ చిక్కూ లేదు, ఇంకో నలభై ఏళ్లు అతని పేరు మీద డబ్బు పడుతుంది. మరి ముప్ఫై ఏళ్లుగా అదే పని చేస్తూ ఇంకో రెండేళ్లలో దిగిపోబోతున్న అరవై మూడేళ్ల మనిషి సంగతేంటి? అతని ముప్ఫై ఏళ్లు లెక్కలోకి వస్తాయా రావా? వస్తే ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?

అమెరికాలో యూనియన్ పెన్షన్ ఫండ్లు 1940ల చివర్లో, 1950ల్లో వరసగా పుట్టుకొచ్చినప్పుడు ముందుగా తేల్చుకోవాల్సి వచ్చింది దీన్నే. వాళ్లు ఇచ్చుకున్న జవాబు పేరు పాస్ట్ సర్వీస్ క్రెడిట్. ఫండ్ లేని రోజుల్లో చేసిన పనిని కూడా ఫండ్ ఉన్నట్టే లెక్కేయడం, అంతే. వినడానికి ఒక్క ముక్క, కానీ ఏ ఫండ్ రూల్స్ తీసి చూసినా దీని చుట్టూ బోలెడు షరతులుంటాయి, పైకి చూస్తే అవన్నీ కార్మికుణ్ణి ఏడిపించడానికే పెట్టారా అనిపిస్తుంది. కొన్ని నిజంగా అలాంటివే. మిగతా చాలావాటికి మాత్రం కారణం ఒకటే: ఆ పాత ఏళ్లకి ఫండ్‌లో ఒక్క సెంటు కూడా పడలేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకుని చదివితే రూల్స్‌లో ముప్పాతిక భాగం దానంతటదే అర్థమవుతుంది.

లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించినవే, కానీ ఆ కాలానికి సరిపోయేవే. యాజమాన్యం ఒక్కో మనిషికి వారానికి 2 డాలర్లు కడుతుంది. పెన్షనేమో సర్వీసు చేసిన ప్రతి ఏడాదికీ నెలకి 3 డాలర్ల చొప్పున. మన అరవై మూడేళ్లాయన రెండేళ్లు పని చేసి రిటైరైతే ఆయన పేరు మీద ఫండ్‌కి వచ్చింది మొత్తం 208 డాలర్లు. పాత సర్వీసు లెక్కలోకి తీసుకోకపోతే ఆయన పెన్షన్ నెలకి 6 డాలర్లు, అంటే ఇవ్వకపోయినా పెద్ద తేడా లేదు. పాత ముప్ఫై ఏళ్లలో 28 ఏళ్లకి క్రెడిట్ ఇచ్చారనుకోండి, రెండూ కలిపి 30 ఏళ్లు, నెలకి 90 డాలర్లు. ఆయన పేరున వచ్చిన 208 డాలర్లు రెండున్నర నెలలు కూడా రావు. ఆయన ఇంకో పదిహేనేళ్లు బతికితే ఫండ్ ఇవ్వాల్సింది 16,200. మిగతా దాదాపు 16,000 డాలర్లు ఆ పాతికేళ్ల కుర్రాడి పేరు మీదా, వాడి తర్వాత ఉద్యోగంలో చేరబోయే ఇంకో కుర్రాడి పేరు మీదా యాజమాన్యం కట్టే డబ్బులోంచి రావాలి. ఒక్క వాయిదా కూడా కట్టకుండా చిట్టీలో మొదటి పాట ఎత్తుకున్నట్టన్నమాట, కాకపోతే ఇక్కడ అందరూ తెలిసే ఒప్పుకుంటున్నారు.

ఎందుకు ఒప్పుకుంటారు? ఒకటి, యూనియన్‌లో పెద్దవాళ్లదే మాట. ముప్ఫై ఏళ్ల సీనియారిటీ ఉన్నవాళ్లకి ఏమీ రాని ఒప్పందాన్ని ఓటుకి పెట్టి గెలిపించుకోగల నాయకుడు లేడు. రెండు, ముసలివాళ్లు దిగిపోతే కుర్రాళ్లకి ఉద్యోగాలు ఖాళీ అవుతాయి. మూడోది ఎవరూ గట్టిగా చెప్పరు గానీ యాజమాన్యానికీ అదే కావాలి, అరవై దాటిన మనిషిని బయటికి గెంటెయ్యకుండా మర్యాదగా పంపాలంటే చేతిలో ఏదో ఒకటి పెట్టాలి కదా. న్యాయం మాటకొస్తే, ఆ పరిశ్రమని అక్కడిదాకా లాక్కొచ్చింది ఆ ముసలివాళ్లే. అప్పట్లో పెన్షన్ లేకపోవడం వాళ్ల తప్పు కాదు.

దీన్ని అన్నిటికంటే ధాటిగా చేసింది బొగ్గుగని కార్మికుల యూనియన్, యునైటెడ్ మైన్ వర్కర్స్. 1946లో సమ్మె జరిగింది, ట్రూమన్ ప్రభుత్వం గనుల్ని తన చేతుల్లోకి తీసుకుంది, ఆ మే 29న ఇంటీరియర్ సెక్రటరీ జూలియస్ క్రుగ్‌కీ యూనియన్ అధ్యక్షుడు జాన్ ఎల్. లూయిస్‌కీ మధ్య ఒప్పందం కుదిరింది. తవ్విన ప్రతి టన్ను బొగ్గుకీ 5 సెంట్లు కార్మికుల సంక్షేమ ఫండ్‌కి వెళ్లాలి. మనిషికి ఇంత, గంటకి ఇంత కాదు, టన్నుకి ఇంత. ఇది లూయిస్ తెలివి. యంత్రాలు వచ్చి మనుషులు తగ్గిపోతారని ఆయనకి తెలుసు, మనుషులు తగ్గినా టన్నులు తగ్గవు. ఆ 5 సెంట్లు ఏడాదిలో 10 అయ్యాయి, తర్వాత 20, చివరికి 1952కల్లా 40.

సరే, ఫండ్ ఉంది, మరి పెన్షన్ ఎవరికివ్వాలి? 1947లో వచ్చిన టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం ఇలాంటి ఫండ్లను యూనియన్ ఒక్కటే నడపకూడదు, యాజమాన్యం వైపు నుంచీ సమానంగా ట్రస్టీలుండాలి అంది. అందుకని లూయిస్, గని యజమానుల తరఫున ఎజ్రా వాన్ హార్న్, మధ్యవర్తిగా సెనేటర్ స్టైల్స్ బ్రిడ్జెస్, ముగ్గురు కూర్చున్నారు. 1948లో బ్రిడ్జెస్ ఒక సూత్రం పెట్టాడు: వయసు 62 నిండాలి, బొగ్గు గనుల్లో 20 ఏళ్లు పని చేసి ఉండాలి, రిటైరైంది 1946 మే 28 తర్వాత అయ్యుండాలి, అలాంటివాళ్లకి నెలకి 100 డాలర్లు. ఇంత పెద్ద హామీకి ఫండ్‌లో డబ్బు చాలదని వాన్ హార్న్ ఒప్పుకోలేదు, లూయిస్ ఒప్పుకున్నాడు, ఇద్దరు ఒకటయ్యారు కాబట్టి అదే నిలిచింది.

ఈ సూత్రం అర్థం చూడండి. ఫండ్ పుట్టి రెండేళ్లు, అడిగేది 20 ఏళ్ల సర్వీసు. అంటే మొదట్లో పెన్షన్ అందుకున్నవాళ్లలో ప్రతి ఒక్కరికీ దాదాపు మొత్తం పాత సర్వీసే. ఇంకోవైపు, 1946 మే 28న గానీ అంతకుముందు గానీ దిగిపోయినవాడికి నలభై ఏళ్ల సర్వీసున్నా సున్నా. ఒక్క రోజు తేడా. క్రూరంగానే ఉంది, కానీ ఎక్కడో ఒకచోట గీత గీయకపోతే అప్పటికే ఇళ్లల్లో కూర్చున్న ముసలివాళ్లందరికీ ఇవ్వాలి, అంత డబ్బు లేదు.

ఉన్న గీత కూడా తర్వాత చాల్లేదు. 1950ల్లో ఆ 20 ఏళ్లూ దరఖాస్తు పెట్టుకునే ముందు 30 ఏళ్ల లోపలివే అయ్యుండాలన్నారు. కుర్రతనంలో గనిలో పదిహేనేళ్లు చేసి, మధ్యలో వేరే పనికి వెళ్లి, మళ్లీ వచ్చి పదేళ్లు చేసినవాళ్లు దీంతో పోయారు. 1960ల మొదట్లో ఆ 100 డాలర్లని 75కి కోశారు. నాకు కోపం తెప్పించేది ఇది కాదు. ఒకపక్క డబ్బు చాలదని పెన్షన్లు కోస్తూ, ఇంకోపక్క అదే ఫండ్ డబ్బుని యూనియన్ చేతిలో ఉన్న నేషనల్ బ్యాంక్ ఆఫ్ వాషింగ్టన్‌లో వడ్డీ రాని ఖాతాల్లో కోట్ల డాలర్ల కొద్దీ ఏళ్ల తరబడి పడేసి ఉంచారు. 1971లో బ్లాంకెన్‌షిప్ కేసులో జడ్జి గెసెల్ ఇది ట్రస్టీల నమ్మకద్రోహం అని తేల్చాడు. షరతుల్లో కొన్ని నిజంగా ఏడిపించేవే అని పైన అన్నది ఇలాంటివి చూసే.

బొగ్గు కథలో పరిశ్రమ అంతటికీ ఒకే తేదీ. మిగతా ఫండ్లలో అలా కాదు, చాలామంది తికమక పడేది ఇక్కడే. లారీ డ్రైవర్లు, వడ్రంగులు, ప్లంబర్లు, కిరాణా సూపర్ మార్కెట్ల క్లర్కులు, వీళ్ల ఫండ్లలో ఒకటి కాదు, వందల కంపెనీలు కలిసి డబ్బు కడతాయి. ఫండ్ 1955లో మొదలై ఉండొచ్చు, కానీ మీ కంపెనీ యూనియన్‌తో ఒప్పందం చేసుకుని అందులో చేరింది 1978లో అనుకోండి. అప్పుడు మీకు సంబంధించి పాత సర్వీసంటే 1955 ముందుది కాదు, ఆ కంపెనీలో 1978కి ముందు మీరు చేసింది. పక్క కంపెనీలో ఉన్న మీ స్నేహితుడికి గీత ఇంకో చోట ఉంటుంది. ఒకే ఫండ్, ఒకే యూనియన్ కార్డు, అయినా ఇద్దరికీ పాత సర్వీసు వేరు. కాబట్టి ఫండ్ ఎప్పుడు పుట్టిందని అడిగితే లాభం లేదు, నా యజమాని మొదటి చందా ఎప్పుడు కట్టాడు అని అడగాలి.

ఆ తేదీ తెలిశాక మిగతా షరతులు చకచకా చూసేయొచ్చు. ఆ తేదీన మీరు ఆ కంపెనీలో పనిలో ఉండాలి. అప్పటికే మానేసి వెళ్లిపోయినవాళ్లకి మామూలుగా ఇవ్వరు. పాత పని కూడా యూనియన్ ఒప్పందం కిందికి వచ్చే తరహా పనే అయ్యుండాలి, ఆఫీసులో మేనేజరుగా చేసిన ఏళ్లు రావు. క్రెడిట్‌కి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది, మీరు పాతికేళ్లు చేసినా పదో పదిహేనో ఇచ్చి ఊరుకుంటారు. పాత ఏడాదికి ఇచ్చే రేటు కొత్త ఏడాదికిచ్చే దానికంటే చాలాసార్లు తక్కువ. చేరిన తర్వాత ఇన్నేళ్లు డబ్బు పడేలా పని చేస్తేనే ఆ క్రెడిట్ ఖాయం అనే షరతు కూడా మామూలే, లేకపోతే ఫండ్‌లో చేరిన వారానికే అందరూ రిటైరైపోతారు. ఇవన్నీ డబ్బు పడని ఆ పాత ఏళ్ల బాకీ సైజుని తగ్గించుకునే మార్గాలే. ఇంకోటి జాగ్రత్తగా చూడాలి: పెన్షన్‌కి అర్హత లెక్క వేరు, పెన్షన్ ఎంత అనే లెక్క వేరు. కొన్ని ఫండ్లు పాత ఏళ్లని అర్హతకి మాత్రమే కలుపుతాయి, మొత్తానికి కలపవు. అంటే 15 ఏళ్ల సర్వీసు ఉందని కాగితం మీద కనిపిస్తుంది, డబ్బు మాత్రం 6 ఏళ్లకే వస్తుంది, అది పొరపాటేమీ కాదు, రూలే అంత.

అన్నిటికంటే ఎక్కువమందిని ముంచింది మాత్రం సర్వీసులో బ్రేక్ అనే షరతు. దీనికి షికాగో లారీ డ్రైవర్ డేనియల్ కేసు చూడాలి, అమెరికా సుప్రీం కోర్టుదాకా వెళ్లింది కాబట్టి వివరాలన్నీ రికార్డులో ఉన్నాయి. ఆయన 1950లో లారీ నడపడం మొదలుపెట్టాడు, మరుసటి ఏడాది లారీ డ్రైవర్ల యూనియన్ టీమ్‌స్టర్స్‌కి అక్కడి శాఖ అయిన లోకల్ 705లో చేరాడు. 1954లో యూనియన్ లారీ కంపెనీలతో పెన్షన్ ఒప్పందం చేసుకుంది, కార్మికుడి జేబులోంచి పైసా లేదు, కంపెనీలే మనిషికి వారానికి 2 డాలర్లు కట్టాలి, పెన్షన్ రావాలంటే 20 ఏళ్లు ఏకధాటిగా సర్వీసుండాలి, ఫండ్‌కి ముందు చేసింది కూడా అందులో కలుస్తుంది. అలా డేనియల్‌కి మొదటి రోజే 5 ఏళ్ల పాత సర్వీసు దానంతటదే వచ్చేసింది. 1973లో రిటైరై పెన్షన్ అడిగితే లేదు పొమ్మన్నారు. ఎందుకంటే 1960 డిసెంబర్ నుంచి 1961 జూలై దాకా ఏడు నెలల బ్రేక్ ఉంది. అందులో ఏప్రిల్ దాకా పని లేక కంపెనీ పక్కన పెట్టిన కాలం. ఏప్రిల్ తర్వాత పని చేశాడు, కానీ కంపెనీలో లెక్కలు రాసేవాడు డబ్బు కాజేయడంతో ఈయన పేరు మీద చందా పడలేదు. ఆ ఏడు నెలల చందా ఆయనే సొంతంగా కట్టుకుని ఉంటే సర్వీసు నిలిచేది. ఆయన కట్టలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఒక్క సెంటు పడని 5 ఏళ్లని ఫండ్ సంతోషంగా ఇచ్చేసింది. ఒక్క సెంటు పడని 7 నెలల్ని చూపించి 22 ఏళ్లకి పైగా చేసిన సర్వీసంతా కొట్టేసింది. పిచ్చిగా లేదూ? కానీ ఫండ్ వైపు నుంచి చూస్తే రెండూ ఒకే నాణేనికి రెండు వైపులు. ముసలివాళ్లకి ఉచితంగా ఇచ్చిన పాత సర్వీసు డబ్బు ఎక్కణ్ణుంచో రావాలి కదా, అందులో కొంత ఇలా మధ్యలో బ్రేక్ పడి అర్హత పోగొట్టుకున్నవాళ్ల పేరు మీద పడి మిగిలిపోయిన డబ్బులోంచే వచ్చేది. ఎంతమంది ఇలా రాలిపోతారో అంచనా వేసుకునే చందా రేటు పెట్టేవారు. ఏకధాటి 20 ఏళ్లు అనే షరతు లేకపోతే వారానికి 2 డాలర్లు ఎటూ చాలేవి కావు. నాకు తెలిసినంతలో పాస్ట్ సర్వీస్ క్రెడిట్ అసలు ఖరీదు ఇదే, దాన్ని కట్టింది కంపెనీలు కాదు, డేనియల్ లాంటివాళ్లు.

ఆయన ఓడిపోయాడు కూడా. పెన్షన్ హామీ షేర్ల లాంటి పెట్టుబడే, దాని గురించి నాకు నిజాలు దాచారు అని మదుపు చట్టాల కింద వాదించాడు. కార్మికుడు తనంతట తాను డబ్బు పెట్టని, వద్దనడానికి వీల్లేని ఇలాంటి పథకం మదుపు కాదని 1979లో కోర్టు తేల్చేసింది. అప్పటికే పెన్షన్లకంటూ వేరే చట్టం వచ్చింది, కానీ ఈయన బ్రేక్ దానికి చాలా ముందుది.

ఆ చట్టం 1974లో వచ్చిన ఎరిసా. దాని వెనక అందరూ చెప్పుకునే కథ స్టూడ్‌బేకర్ కార్ల కంపెనీది. 1949లో ఆటో వర్కర్ల యూనియన్ ఫోర్డ్‌తో 30 ఏళ్ల సర్వీసుకి, ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌తో కలిపి నెలకి 100 డాలర్ల ఒప్పందం సాధించాక మిగతా కార్ల కంపెనీలూ దారికొచ్చాయి, స్టూడ్‌బేకర్‌లో కూడా పెన్షన్ వచ్చింది, పాత సర్వీసు బాకీని దశాబ్దాల మీద కొంచెం కొంచెంగా పూడ్చుకుంటూ పోదామనుకున్నారు. పూడ్చడం పూర్తి కాకుండానే 1963 చివర్లో సౌత్ బెండ్ ఫ్యాక్టరీ మూసేశారు. అప్పటికే రిటైరైనవాళ్లకి, అరవై దాటినవాళ్లకి పూర్తి పెన్షన్ దక్కింది. నలభై దాటి పదేళ్ల సర్వీసున్న దాదాపు 4,000 మందికి రావాల్సిన దాంట్లో 15 శాతం చేతిలో పెట్టారు. అంతకంటే చిన్నవాళ్లకి ఏమీ లేదు. ఇందులో మోసం లేదు, ఎవరూ డబ్బు తినలేదు. పాత సర్వీసు బాకీ పూడకముందే కంపెనీ పోతే ఏమవుతుందో అదే అయింది.

ఎరిసా ఏం చేసింది? బాకీని పూడ్చడానికి గడువు పెట్టింది, కొత్తగా పెట్టే కంపెనీ ప్లాన్లకి 30 ఏళ్లు, అనేక కంపెనీల ఉమ్మడి ఫండ్లకి 40 ఏళ్లు. తర్వాత 2006 చట్టం ఉమ్మడి ఫండ్లలో కొత్తగా వచ్చి పడే బాకీకి దాన్ని 15 ఏళ్లకి కుదించింది. డేనియల్ లాంటి బ్రేకుల్ని కూడా ఎరిసా దాదాపు లేకుండా చేసింది: ఇప్పుడు ఏడాదికి 500 గంటలు దాటి పని చేస్తే బ్రేకే కాదు, పెన్షన్ మీద హక్కు ఖాయమయ్యాక ఎన్ని బ్రేకులొచ్చినా అది పోదు. ఆ హక్కు ఖాయం కావడానికి మొదట్లో 10 ఏళ్లు పట్టేది, ఉమ్మడి ఫండ్లకి 1996 చట్టంతో అది 5కి వచ్చింది. పీబీజీసీ అనే ప్రభుత్వ పెన్షన్ బీమా సంస్థని పెట్టింది కూడా ఎరిసానే.

చేయనిది కూడా ఉంది, దీని గురించి తక్కువమందికి తెలుసు. పాత సర్వీసుకి క్రెడిట్ ఇచ్చి తీరాలని ఎరిసా ఎక్కడా అనలేదు. పైగా హక్కు ఖాయమైందా లేదా అని లెక్కేసేటప్పుడు, యజమాని ప్లాన్ నడపని కాలంలో చేసిన ఏళ్లని వదిలేయొచ్చని విడిగా చెప్పింది. ఇచ్చిన క్రెడిట్ కూడా ఉమ్మడి ఫండ్లలో వెనక్కి తీసుకోవచ్చు! మీ కంపెనీ ఫండ్‌లో చేరకముందు అదే కంపెనీలో మీరు చేసిన సర్వీసుకి క్రెడిట్ ఇచ్చారు, కొన్నేళ్లకి మీ కంపెనీ ఫండ్‌కి డబ్బు కట్టడం మానేసి వెళ్లిపోయింది, అప్పుడు ఆ పాత ఏళ్ల క్రెడిట్‌ని రద్దు చేసే రూలు ఫండ్ పెట్టుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. డబ్బు పడిన ఏళ్లు భద్రం, పడని ఏళ్లు కాదు. అన్యాయం అనిపిస్తుంది, కానీ ఆ బాకీని మీ కంపెనీ రాబోయే ఏళ్లలో కట్టబోయే చందాలతో పూడ్చుదామన్న నమ్మకం మీదే ఇచ్చారు, ఆ కంపెనీయే లేకపోతే మిగతా కంపెనీలు మీ బాకీ మొయ్యాలి. 1980లో ఇంకో చట్టం వచ్చి, వెళ్లిపోయే కంపెనీ బాకీలో తన వాటా కట్టే వెళ్లాలంది. దాంతో కొంత నయం, కానీ దివాలా తీసినవాడి దగ్గర ఏం వసూలవుతుంది?

పాత సర్వీసు బాకీ మొదటి తరం ముసలివాళ్లతో తీరిపోతుందనుకుంటాం. తీరదు, ఎందుకంటే పెన్షన్ రేటు పెంచినప్పుడల్లా అది కొత్తగా పుడుతుంది. ఏడాదికి 3 డాలర్ల రేటుని 5 చేసి, అది గడిచిపోయిన ఏళ్లకి కూడా వర్తిస్తుందన్నారనుకోండి, ఆ ఏళ్లలో చందా పడింది పాత లెక్కనే కదా. 1990ల్లో షేర్ మార్కెట్ పరుగెడుతున్నప్పుడు ఫండ్లు నిండుగా కనిపించాయి, మరీ నిండితే యాజమాన్యాలకి పన్ను మినహాయింపు దగ్గర చిక్కొస్తుంది, దాంతో చాలా ఫండ్లు ఇలా వెనకటి ఏళ్లకి కూడా రేట్లు పెంచుకున్నాయి. తర్వాత 2000–02 పతనం, ఆపైన 2008. మార్కెట్ ఇచ్చింది వెనక్కి పోయింది, ఇచ్చిన మాట మాత్రం ఉండిపోయింది. టీమ్‌స్టర్స్ వాళ్ల సెంట్రల్ స్టేట్స్ ఫండ్, ఆ యూనియన్ నాయకుడు జిమ్మీ హోఫా 1955లో పెట్టించింది, దివాలా అంచుదాకా వెళ్లింది. లారీ రవాణా మీద నియంత్రణలు 1980లో ఎత్తేశాక యూనియన్ కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి మూతబడి, చందా కట్టేవాళ్లకంటే పెన్షన్ తీసుకునేవాళ్లు ఎక్కువైపోయారు. చివరికి 2021 చట్టం కింద 2022 డిసెంబర్‌లో ప్రభుత్వం దానికి దాదాపు 3,600 కోట్ల డాలర్లు మంజూరు చేసి నిలబెట్టింది. పీబీజీసీ బీమా ఉందిగా అంటారేమో, ఉమ్మడి ఫండ్లకి దాని హామీ సర్వీసు ఏడాదికి నెలకి 35.75 డాలర్లు దాటదు, 30 ఏళ్లు చేసినవాడికి ఏడాదికి 12,870. పైగా ఫండ్ చేతులెత్తేయడానికి ముందు ఐదేళ్ల లోపు పెంచిన పెంపుదలలకి ఆ హామీ లేదు.

రుజువుల సంగతి కొంచెం. పాత సర్వీసు అంటే ఫండ్ దగ్గర రికార్డు లేని కాలం, కాబట్టి చేశానని చూపించుకోవాల్సింది కార్మికుడే. అక్కడ సోషల్ సెక్యూరిటీ ఆఫీసు నుంచి జీతాల చిట్టా తెప్పించుకోవచ్చు, ఏ యజమాని దగ్గర ఎప్పుడెంత సంపాదించారో అందులో ఉంటుంది. ఏ పని చేశారో మాత్రం ఉండదు. డ్రైవరా, గుమాస్తానా తేలాలంటే పాత యూనియన్ చందా పుస్తకం, పే స్లిప్పులు, అవి కూడా లేకపోతే కలిసి పనిచేసినవాళ్ల అఫిడవిట్లు కావాలి. అరవై ఏళ్లొచ్చాక ముప్ఫై ఏళ్ల కిందటి తోటివాణ్ణి వెతుక్కోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఫండ్ కాదంటే అప్పీలుకి వెళ్లొచ్చు, అక్కడ కాగితం ఉన్నవాడే గెలుస్తాడు.

అమెరికాలో ఐటీ ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లు వీటిని చూసి ఉండరు, వాళ్లది 401కె, అందులో మీ ఖాతాలో పడిందే మీది, పాత సర్వీసన్న మాటే పుట్టదు. ఇక్కడ ఆంధ్రా, తెలంగాణల్లో ప్రైవేటు కంపెనీల్లోనో ఆర్టీసీలోనో చేసి దిగిపోయినవాళ్లకి మాత్రం ఈ మాట బాగా తెలుసు, పీఎఫ్‌తో పాటు నడిచే ఉద్యోగుల పెన్షన్ పథకం ఈపీఎస్-95లో పాస్ట్ సర్వీస్ అనే పేరుతోనే ఒక ముక్క ఉంటుంది. (సింగరేణి వాళ్లకి 1998 నాటి బొగ్గు గనుల పెన్షన్ పథకం, అది వేరే.) ఈపీఎస్ 1995 నవంబర్ 16న మొదలైంది. అందులో పాత సర్వీసంటే 1971 మార్చి 1 నుంచి 1995 నవంబర్ 15 దాకా, అదీ 1971 ఫ్యామిలీ పెన్షన్ స్కీమ్‌లో సభ్యులై ఉంటేనే.

ఇక్కడా అదే ప్రశ్న, ఆ ఏళ్లకి డబ్బు ఎంత పడింది? ఆ 1971 స్కీమ్‌కి ఉద్యోగి 1.16 శాతం, యజమాని 1.16, కేంద్రం 1.16 కట్టేవాళ్లు, అది ఉద్యోగి చనిపోతే కుటుంబానికి పెన్షన్ ఇవ్వడానికే, బతికి రిటైరైన మనిషికి నెలనెలా ఇవ్వడానికి కాదు. 1995లోనేమో యజమాని వాటాలోంచి 8.33 శాతం, దాని మీద కేంద్రం 1.16. అందుకని కొత్త ఏళ్లకి జీతం ఇంటూ సర్వీసు బై 70 అనే సూత్రం పెట్టి, పాత ఏళ్లకి మాత్రం ఒక చిన్న పట్టిక ఇచ్చారు: జీతం 2,500 దాటినవాళ్లకి 11 ఏళ్ల దాకా 85 రూపాయలు, 15 దాకా 105, 20 దాకా 135, ఆపైన ఎన్నేళ్లయినా 170. జీతం 2,500 లోపైతే ఇంకొంచెం తక్కువ, 80 నుంచి 150. దీన్ని 1995 నుంచి 58 ఏళ్లు నిండేదాకా ఎన్నేళ్లు గడిచాయో దాన్ని బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు.

1971 నుంచీ సభ్యుడై 2005 చివర్లో 58 నిండిన మనిషిని తీసుకుంటే, పాత 24 ఏళ్లకి ఆ 170 రూపాయల్ని గుణకంతో హెచ్చిస్తే వచ్చేది నాలుగొందల చిల్లర. 1995 తర్వాతి పదేళ్లకి, అప్పటి పరిమితి 6,500 జీతం మీద లెక్కేస్తే, 6,500 ఇంటూ 10 బై 70, దాదాపు 928. ఇరవై నాలుగేళ్లకి నాలుగొందలు, పదేళ్లకి తొమ్మిదొందలు! నా సర్వీసు తప్పు లెక్కేశారు అని పీఎఫ్ ఆఫీసు చుట్టూ తిరిగే పెద్దవాళ్లలో కొందరిది ఈ బాధే, సర్వీసు సరిగ్గానే ఎక్కి ఉంటుంది, రేటే అంత. అమెరికా యూనియన్లు పాత ఏళ్లకి పెద్ద మాట ఇచ్చి తర్వాత తంటాలు పడ్డాయి, మనవాళ్లు మొదట్లోనే చేయి బిగించారు. ఏది నయమో నాకు తేలడం లేదు గానీ, 2014 సెప్టెంబర్ నుంచి కనీస పెన్షన్ 1,000 చేసినా అది చాలడం లేదని ఆ పెద్దవాళ్లు అడుగుతూనే ఉన్నారు, అడగడంలో తప్పేం లేదు.

ఇక కంపెనీకి పీఎఫ్ వర్తించకముందు చేసిన ఏళ్ల సంగతంటారా, 20 మంది కూడా లేని షాపులోనో వర్క్‌షాపులోనో పదేళ్లు చేశాక అది పెరిగి పీఎఫ్ కిందికి వచ్చిందనుకోండి, ఆ పదేళ్లు ఈపీఎస్ లెక్కలో పాత సర్వీసు కూడా కావు, అసలు లేనట్టే. డేనియల్‌కి ఉచితంగా వచ్చిన ఆ 5 ఏళ్ల లాంటివి ఇక్కడ ఎవరికీ రావు. కాబట్టి ఉద్యోగంలో ఎప్పుడు చేరారో ఎలాగూ గుర్తుంటుంది, పెన్షన్ లెక్క చూసుకునేటప్పుడు పక్కనే రాసుకోవాల్సింది మీ పేరు మీద మొదటి చందా పడిన తేదీ, తర్వాత మధ్యలో ఏ నెలల్లో పడలేదో ఆ నెలలు.